ఏకకణ జీవులు

ఒకే ఒక్క కణంతో పుట్టి, ఆ కణంతోనే తిని, తిరిగి, సంతానాన్ని కని బతుకు వెళ్లదీసే ప్రాణులను ఏకకణ జీవులు అంటారు. చెరువు నీటిలోని అమీబా, పెరుగులోని లాక్టోబాసిల్లస్, కల్లును పులియబెట్టే ఈస్టు, చలిజ్వరం తెచ్చే ప్లాస్మోడియం, సముద్రంలో తేలే డయాటములు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మనిషి, మర్రిచెట్టు, వానపాము, పుట్టగొడుగు బహుకణ జీవులు. వైరస్‌లకు కణమంటూ లేదు కనుక అవి ఈ రెండు పంక్తుల్లో దేనిలోనూ కూర్చోవు.

ఈ రెండు రకాల తేడాను పాఠ్యపుస్తకాలు తరచు కణాల సంఖ్యతో ముగిస్తాయి. ఒకటుంటే ఏకకణం, ఎక్కువుంటే బహుకణం. ఆ మాట తప్పు కాదు గాని, చాలదు. లక్ష కణాలు ఒకచోట అతుక్కుని ఉన్నా అది ఉత్త గుంపే కావచ్చు. రెండు వేల కణాలున్న చిన్న పచ్చని బంతి నిజమైన దేహం కావచ్చు. గీత గీయాల్సింది వంశం నిలుపుకునే హక్కు దగ్గర. ఏకకణ జీవిలో తినే కణమూ, కదిలే కణమూ, సంతానాన్నిచ్చే కణమూ ఒక్కటే. బహుకణ జీవిలో కణాల్లో అత్యధిక భాగం ఆ హక్కును వదులుకుని, పిడికెడు బీజకణాలకు అప్పగించి, దేహంతోపాటు చచ్చిపోతాయి.

కంటపడిన కథ

కణం అనే ఊహ ముందు పుట్టింది బహుకణ జీవి నుంచే. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ పల్చగా కోసిన బెండు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తేనెపట్టు గదుల్లాంటి ఖాళీలను చూసి, వాటికి గది అనే అర్థం వచ్చే పేరు పెట్టి 1665లో తన పుస్తకంలో అచ్చు వేశాడు. ఆయన చూసినవి చనిపోయిన చెట్టు కణాల గోడలు మాత్రమే.

బతికున్న ఏకకణ జీవిని మొదట చూసినవాడు హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటొని వాన్ లేవెన్‌హుక్. నేత నాణ్యం పరీక్షించడానికి భూతద్దం వాడే వృత్తి అది. ఆయన తానే అరగదీసుకున్న చిన్న కటకాల్లో నేటికి మిగిలినవాటిలో మేలైనది దాదాపు 270 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. 1674లో ఊరి దగ్గరి సరస్సు నీటిలో కదిలే పురుగులను చూశాడు. తర్వాత మిరియానికి ఆ ఘాటు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలని మిరియాలు నానబెట్టి, ఆ నీటిని చూస్తే ఘాటు సంగతి తేలలేదు గాని అంతకుముందు చూసినవాటికన్నా ఎంతో చిన్న ప్రాణులు గుంపులుగా కనిపించాయి. 1676 అక్టోబరులో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. బాక్టీరియాను మనిషి చూసిన మొదటి రుజువు అదే. 1683లో తన పళ్ల పాచిని గీకి చూసి అక్కడా వాటినే వర్ణించాడు.

హుక్ చూసిన గది, లేవెన్‌హుక్ చూసిన పురుగు ఒకే వస్తువని గుర్తించడానికి మరో నూట డెబ్బై ఏళ్లు పట్టింది. మొక్కలన్నీ కణాల కట్టడాలని వృక్షశాస్త్రజ్ఞుడు ష్లైడన్ 1838లో, జంతువులూ అంతేనని ష్వాన్ 1839లో చెప్పారు. ఆ ఊహను పట్టుకుని, అమీబా వంటి ప్రోటోజోవాలు ఒక్కొక్కటీ ఒకే కణమని 1845లో జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు సీబోల్డ్ తేల్చాడు. చెట్టులో ఇటుకలాంటిదే చెరువులో ఇల్లూ ఇంటాయనా కావడం అప్పటివాళ్లకు వింతగానే తోచి ఉంటుంది.

ఒంటిగది సంసారం

ఒక కణం ఎన్ని పనులు చేయగలదో చూడాలంటే పారమీసియంను మించినది లేదు. గడ్డి నానబెట్టి కొన్నాళ్లు వదిలేసిన నీటిలోనో, కదలని కుంట నీటిలోనో దొరుకుతుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పొడవుంటుంది కనుక, గాజు గ్లాసును నల్లని గుడ్డ ముందు పెట్టి చూస్తే తెల్లని నలుసులా కదులుతూ కంటికే కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద చెప్పు అడుగు ఆకారం. ఒంటి నిండా వేల శైలికలు, అంటే వెంట్రుకల్లాంటి పోగులు. అవి ఒక వరసలో తెడ్లలా కొట్టుకుంటుంటే జీవి తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు దూసుకుపోతుంది.

ఒక పక్కన లోతైన గాడి ఉంది. అక్కడి శైలికలు నీటిని లోపలికి తోస్తే, నీటితో వచ్చిన బాక్టీరియా గాడి అడుగున చేరి, చిన్న బుడగలో చుట్టుకుని కణం లోపలికి వెళ్తాయి. ఆ బుడగే ఆహార రిక్తిక. అది కణం లోపల ఒక దారిన తిరుగుతుంది. ముందు ఆమ్లం చేరుతుంది, తర్వాత జీర్ణరసాలు చేరతాయి, జీర్ణమైనది చుట్టూ ఉన్న జీవపదార్థంలోకి ఇంకుతుంది, మిగిలిన చెత్త ఒక నిర్ణీత స్థలం నుంచే బయటపడుతుంది. నోరూ పొట్టా పేగూ అన్నీ ఈ ఒక్క బుడగ ప్రయాణంలో ఇమిడిపోయాయి.

మంచినీటిలో బతికే ప్రతి కణానికీ ఒక గండం ఉంది. లోపల లవణాలు ఎక్కువ, బయట తక్కువ. అందువల్ల నీరు ఆగకుండా లోపలికి ఊరుతూనే ఉంటుంది. తోడి పోయకపోతే కణం ఉబ్బి పగిలిపోతుంది. పారమీసియంలో రెండు సంకోచ రిక్తికలు నిండడం, ముడుచుకుని నీటిని బయటికి చిమ్మడం అనే పనిని బతికినంతకాలం చేస్తూనే ఉంటాయి. ఉప్పునీటి అమీబాల్లో చాలావాటికి ఈ తోడుడు బెడద లేదు. వాటిలో ఈ రిక్తికలు సాధారణంగా ఉండవు.

నరాలు లేవు, మెదడు లేదు. అయినా దేనికైనా తగిలిందంటే వెనక్కి జరిగి, కొంచెం పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు వెళ్లి చూస్తుంది. దారి దొరికేదాకా అలా చేస్తూనే ఉంటుంది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ జెన్నింగ్స్ ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో ఈ నడతను ఓపికగా నమోదు చేశాడు. తగిలినప్పుడు కణత్వచం గుండా కాల్షియం అయాన్లు లోపలికి రావడంతో శైలికల కొట్టుడు దిశ మారుతుందని తర్వాత తేలింది. మన నాడీకణాల్లో సంకేతం నడిచేదీ ఇలాగే త్వచం గుండా అయాన్లు రాకపోకలు సాగించడం వల్లనే. జెన్నింగ్స్ చూసిన మరో జీవి స్టెంటర్, బాకా ఆకారంలో ఉంటుంది. దాని మీద ఎర్రరంగు పొడి చల్లితే ముందు పక్కకు ఒరిగింది, తర్వాత శైలికలను ఎదురు కొట్టి పొడిని తోసేసింది, అదీ పని చేయకపోతే గొట్టంలోకి ముడుచుకుంది, చివరికి పట్టు వదిలి వేరే చోటికి ఈదింది. ఒకే చిరాకుకు వరసగా వేర్వేరు జవాబులు. చాలాకాలం ఈ ప్రయోగాన్ని చాలామంది నమ్మలేదు. 2019లో హార్వర్డ్‌లో అదే జాతితో మళ్లీ చేసి చూసినప్పుడు జెన్నింగ్స్ మాటే నిలిచింది. ఇలాంటి ప్రాణులను నిమ్నస్థాయి జీవులు అని పిలిచే అలవాటు మన పుస్తకాల్లో ఇంకా పోలేదు. పోవాలి. మన దేహంలోని ఏ కణాన్ని తీసి కుంటలో వేసినా పారమీసియంలా ఒక్క పూట బతకలేదు.

బాక్టీరియా కణం పారమీసియం కన్నా ఎన్నో రెట్లు చిన్నది. మన పేగుల్లో ఉండే ఇ. కోలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఐదు వందో వంతు. దాని కశాభాలు, అంటే తోకల్లాంటి పొడవాటి పోగులు, శైలికల్లా కొట్టుకోవు, మోటారులా గిర్రున తిరుగుతాయి. ఒక సెకను పాటు తిన్నగా ఈది, అర క్షణం దొర్లి, మరో దిశకు తిరిగి మళ్లీ ఈదుతుంది. తీపి పెరుగుతున్న దిశలో వెళ్తున్నప్పుడు దొర్లడం తగ్గిస్తుంది, అంతే. ఆ చిన్న సర్దుబాటుతోనే ఆహారం ఉన్న చోటికి చేరుకుంటుంది.

కాలం ఎదురు తిరిగితే తలదాచుకునే ఉపాయమూ ఉంది. చెరువు ఎండేటప్పుడు చాలా ప్రోటోజోవాలు గట్టి గూడు కట్టుకుని మట్టిలో పడి ఉంటాయి; దీన్ని కోశీభవనం అంటారు. కొన్ని బాక్టీరియాలు సిద్ధబీజాలుగా మారతాయి. పశువులకు దొమ్మ తెచ్చే ఆంత్రాక్స్ బాక్టీరియా సిద్ధబీజాలు నేలలో దశాబ్దాల పాటు చావకుండా ఉండగలవు.

ఒకే వంశం కాదు

ఏకకణ జీవులు అన్న మాట ఒక కులానికి పేరు కాదు, ఒక బతుకుతీరుకు పేరు. 1977లో అమెరికాలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోముల్లోని ఆర్‌ఎన్‌ఏ వరసలను పోల్చి, బాక్టీరియాలాగే కనిపిస్తూ వాటికి ఏమాత్రం దగ్గర కాని మరో పెద్ద శాఖ ఉందని చూపారు. దానికి ఆర్కియా అని పేరు. వేడినీటి బుగ్గల్లో, ఉప్పు మడుల్లో బతికేవాటిలో చాలా ఈ శాఖవే. అంత దూరం పోనక్కర్లేదు. గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ తయారుచేసేదీ, నీళ్లు నిలిచిన వరిమడి బురదలోంచి అదే వాయువును పైకి పంపేదీ ఆర్కియాలే.

బాక్టీరియా, ఆర్కియా కణాల్లో కేంద్రకం ఉండదు, డీఎన్‌ఏ జీవపదార్థంలోనే ఉంటుంది. అమీబా, పారమీసియం, ఈస్టు, డయాటము వంటివి కేంద్రకం ఉన్న కణాలు. ఇక్కడ చుట్టరికాలు కంటికి కనిపించే పోలికను బట్టి లేవు. ఈస్టు బాక్టీరియా కన్నా మనిషికే దగ్గరి బంధువు. ప్లాస్మోడియంకు పారమీసియం దూరపు చుట్టం. డయాటములు తమ చుట్టూ గాజులాంటి సిలికాతో నగిషీ పెట్టెలు కట్టుకునే శైవలాలు, గోధుమరంగు సముద్రనాచుకు బంధువులు. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతుంది, అందులో పెద్ద వాటా కంటికి కనిపించని ఇలాంటి ఏకకణ జీవులదే.

చిన్నవిగా ఎందుకు ఉంటాయి

కణం తన పైపొర గుండానే తింటుంది, ఊపిరి తీసుకుంటుంది, మలినాలను విసర్జిస్తుంది. గోళాకారపు కణం వ్యాసం రెట్టింపైతే పైపొర వైశాల్యం 4 రెట్లు పెరుగుతుంది, లోపలి పరిమాణం 8 రెట్లు పెరుగుతుంది. తినే నోరు నాలుగింతలు, నింపాల్సిన పొట్ట ఎనిమిదింతలు. కొంతదూరం పోయాక లెక్క కుదరదు. రెండో అడ్డంకి వ్యాపనం. నీటిలో చక్కెర అణువు దానంతట అది ఒక మైక్రోమీటరు దూరం పోవడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. కాని దూరం పదింతలైతే కాలం నూరింతలవుతుంది. ఆ లెక్కన సెంటీమీటరు దాటాలంటే రోజుకు పైగా పడుతుంది. పెద్ద దేహాలకు గుండె, రక్తనాళాలు అవసరమైంది ఈ కారణంగానే.

ఈ లెక్కను తప్పించుకున్న కణాలు కొన్ని ఉన్నాయి, ఒక్కొక్కదాని ఉపాయం ఒక్కో రకం. కరేబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ మడ అడవుల్లో దొరికిన థియోమార్గరిటా మాగ్నిఫికా అనే బాక్టీరియా సెంటీమీటరు పొడవుంటుందని 2022లో ప్రకటించారు. దారపు పోగులా కంటికే కనిపిస్తుంది. దాని నడుమంతా పెద్ద రిక్తిక, జీవపదార్థం అంచున పల్చని పొరగా మాత్రమే ఉంటుంది. కాలెర్పా అనే సముద్రపు నాచు తీగలా పాకి, ఆకుల్లాంటి కొమ్మలు వేసి మీటరు దాటి పెరుగుతుంది, అయినా లోపల ఒక్క అడ్డగోడ ఉండదు. లెక్కలేనన్ని కేంద్రకాలున్న ఒకే కణం అది. మన వంటింట్లోనూ ఒక పెద్ద కణం ఉంది. కోడిగుడ్డు పచ్చసొన మొదట ఒకే కణం. దాని బరువులో దాదాపు అంతా మూట కట్టుకున్న మేతే కాబట్టి అది అంత పెరగగలిగింది.

అసిటాబులేరియా అనే గొడుగు ఆకారపు శైవలం గురించి ఒక మాట చెప్పాలి. 5 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున్న ఈ ఒక్క కణానికి వేరు, కాడ, గొడుగు ఉంటాయి, కేంద్రకం వేరు దగ్గర ఉంటుంది. జర్మనీలో హామర్‌లింగ్ 1930ల నాటికి రెండు జాతుల కాడలను కోసి ఒకదాని వేరు మీద మరొకదాని కాడను అంటుకట్టాడు. చివరకు పుట్టిన గొడుగు వేరు ఏ జాతిదో ఆ జాతి గొడుగే. కణం రూపాన్ని శాసించేది కేంద్రకమని ఇంత తేటగా చూపిన ప్రయోగం ఒక ఏకకణ జీవి వల్లనే సాధ్యమైంది.

పెంపు, చావు

బాక్టీరియా, అమీబా రెండుగా చీలతాయి. దీన్ని ద్విధావిచ్ఛిత్తి అంటారు. ఈస్టుకు మొగ్గ తొడుగుతుంది. అన్నీ అనుకూలిస్తే ఇ. కోలై 20 నిమిషాలకోసారి చీలుతుంది. ఆ వేగం ఆగకపోతే పది గంటల్లో ఒక్క కణం 107 కోట్లు దాటుతుంది. రాత్రి గోరువెచ్చని పాలలో వేసిన చెంచాడు తోడు తెల్లవారేసరికి గిన్నె మొత్తాన్ని పెరుగు చేయడంలోని గుట్టు ఈ రెట్టింపు లెక్కే. బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ పులుపుకు పాల ప్రోటీను గడ్డకడుతుంది. చలికాలంలో చీలడం నెమ్మదిస్తుంది కనుకే తోడుకోవడం ఆలస్యం.

ప్లాస్మోడియం తీరు వేరు. ఎర్ర రక్తకణంలో దూరి, లోపలే ఒక్కసారిగా పది పాతిక ముక్కలై, కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కోట్ల కణాలు ఇలా ఒకే వేళకు పగలడంతో వణుకు, జ్వరం వస్తాయి. వైవాక్స్ జాతిలో ఈ చక్రం 48 గంటలది. రోజు విడిచి రోజు తగిలే చలిజ్వరానికి కారణం అదే.

చీలిన చోట తల్లి కళేబరం మిగలదు. దీన్ని పట్టుకునే 1880లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వైస్‌మన్, ఏకకణ జీవులకు సహజమరణం లేదనీ, చావు బహుకణ దేహంతోపాటే వచ్చిందనీ వాదించాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఇ. కోలై కూడా కొంత ముసలిదవుతుందనీ, చీలినప్పుడు పాత కొసను దక్కించుకున్న పిల్ల క్రమంగా మందగిస్తుందనీ 2005లో తేలింది. కాని తప్పనిసరిగా చావాల్సిన కణాలను ఒక ఏర్పాటుగా పెట్టుకున్నది మాత్రం దేహమే.

లైంగిక ప్రత్యుత్పత్తికి, సంతాన సంఖ్య పెరగడానికి ఏకకణ జీవుల్లో సంబంధం లేకపోవచ్చు. రెండు పారమీసియంలు దగ్గరగా అతుక్కుని, సూక్ష్మకేంద్రకాల భాగాలను ఇచ్చిపుచ్చుకుని విడిపోతాయి. దీన్ని సంయుగ్మం అంటారు. వచ్చినవి రెండు, వెళ్లినవీ రెండే. జన్యువులు మాత్రం కలిశాయి. బాక్టీరియా ఇంకా ముందుకు పోయి, చుట్టరికం లేనివాటికీ జన్యువులను అందిస్తుంది. ఒక జాతి సంపాదించిన మందు నిరోధం మరో జాతికి పాకడం ఈ దారినే. వైద్యాన్ని ఇవాళ ఎక్కువగా కలవరపెడుతున్న సంగతుల్లో ఇదొకటి.

దేహం అంటే

మనిషి దేహంలో 30 నుంచి 37 లక్షల కోట్ల కణాలు ఉన్నాయని అంచనా. వాటిలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఎర్ర రక్తకణాలే. ఎముక మజ్జలో పుట్టిన ఎర్రకణం రక్తంలోకి రాకముందే తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఇక అది చీలలేదు, పాడైన భాగాన్ని కొత్తగా తయారుచేసుకోలేదు. 120 రోజులు ఆక్సిజన్ మోసి రాలిపోతుంది. చెట్టులో ఇంకా విడ్డూరం. వేళ్ల నుంచి చిటారు కొమ్మకు నీరు మోసే దారువు కణాలు చనిపోయి, లోపలంతా ఖాళీ అయ్యాకే ఆ పనిలోకి దిగుతాయి. టేకు దూలంలో మనం చూసే చేవ ఒకప్పటి కణాల గోడలే.

ఇలాంటి శ్రమవిభజన నిలవాలంటే కణాలు అతుక్కోవాలి, మాట్లాడుకోవాలి, అన్నిటికీ మించి అదుపులో ఉండాలి. గర్భంలో శిశువు చేయి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ల మధ్య కణాలు వచ్చిన సంకేతానికి లోబడి తమను తాము చంపుకుంటేనే వేళ్లు విడిపడతాయి. తోకకప్ప తోక పోవడమూ అంతే. ఈ విధేయమైన చావుకు అపోప్టోసిస్ అని పేరు. ప్రయోగశాలలో మనిషి మామూలు కణాలు సుమారు 50 సార్లు చీలి ఆగిపోతాయని 1961లో లియోనార్డ్ హేఫ్లిక్ చూపాడు.

ఈ అదుపు తెగితే అది క్యాన్సర్. బహుకణ జీవిలోని కణం ఏకకణ జీవిలా తన పెంపకం తాను చూసుకోవడం మొదలుపెట్టినట్టే అనుకోవచ్చు. ఈ పోలిక ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణలు రెండున్నాయి. వీధికుక్కల్లో జతకట్టేటప్పుడు ఒకదాన్నుంచి మరొకదానికి అంటే ఒక కణితి ఉంది. అందులో వ్యాపించేది వైరస్ కాదు, కణాలే. వేల ఏళ్ల కిందట బతికిన ఒకే ఒక కుక్క కణాలు ఇప్పటికీ కుక్క నుంచి కుక్కకు పాకుతూ పరాన్నజీవుల్లా బతుకుతున్నాయి. రెండోది 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ మహిళ కణితి నుంచి, ఆమె అనుమతి అడగకుండానే తీసిన కణాలు. ఆమె ఆ ఏడాదే కన్నుమూసింది. కణాలు మాత్రం ప్రపంచంలోని ప్రయోగశాలల్లో నేటికీ చీలుతూనే ఉన్నాయి. వీటిని కొత్త ఏకకణ జాతిగా గుర్తించాలని 1991లో జీవశాస్త్రజ్ఞుడు లీ వాన్ వేలెన్ ప్రతిపాదించాడు. శాస్త్రలోకం ఒప్పుకోలేదు. ఒక మనిషి జ్ఞాపకంతో ముడిపడ్డ కణాలకు అలాంటి పేరు పెట్టడం సబబు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కాని ఆ ప్రశ్న వేయడానికి వీలైందంటేనే గీత ఎంత పల్చనిదో తెలుస్తుంది.

నడిమి మెట్లు

ఒక కణం నుంచి దేహం దాకా ఒకేసారి ఎవరూ దూకలేదు. ఆ దారి ఒక్కసారి తెరుచుకున్నదీ కాదు. జంతువులు, మొక్కలు, శిలీంధ్రాలు, ఎర్ర, గోధుమ సముద్రనాచులు విడివిడిగా బహుకణ బతుకులోకి వచ్చాయి. చిన్నాచితకా ఉదాహరణలు కలుపుకుంటే పాతికకు తక్కువ కాకుండా ఇలా జరిగిందని పరిశోధకుల లెక్క.

ఆ మెట్లు ఇప్పటికీ కంటికి కనిపించేది వాల్వాక్స్ కుటుంబంలో. రెండు కశాభాలతో ఒంటరిగా ఈదే క్లామిడోమోనాస్ ఒక కొసన ఉంది. దాని బంధువుల్లో గోనియం పదహారు వరకు కణాల పలక, యుడోరినా ముప్పై రెండు వరకు కణాల బంతి. మరో కొసన వాల్వాక్స్ కార్టెరి, సుమారు 2,000 చిన్న కణాలు, లోపల 16 వరకు పెద్ద కణాలు. చిన్నవి ఈదుతాయి, పెద్దవి పిల్లలనిస్తాయి. ఎందుకిలా విడిపోయాయన్నదానికి చక్కని కారణం ఉంది. ఈ శైవలాల కణాలకు గట్టి గోడ ఉండటం వల్ల, చీలుతున్నంతసేపూ కశాభాలను ఆడించలేవు. అన్నీ ఒకేసారి చీలితే గుంపు ఈదలేక వెలుతురు అందని లోతుకు మునిగిపోతుంది. కొందరు తెడ్లు వేస్తూనే ఉండాలి. వాల్వాక్స్‌లో ఒక జన్యువు చిన్న కణాలను పెరగనివ్వకుండా, చీలనివ్వకుండా ఆపుతుంది. అది చెడిపోతే ఆ కణాలు కూడా పెరిగి పిల్లలను పెట్టడం మొదలుపెడతాయి. పిల్లబంతులు బయటపడ్డాక తల్లిబంతిలోని రెండు వేల కణాలూ చనిపోతాయి.

డిక్టియోస్టీలియం దారి ఇంకొకటి. అడవి మట్టిలో బాక్టీరియాను తింటూ విడివిడిగా తిరిగే అమీబా ఇది. 1930లలో కెన్నెత్ రేపర్ దీన్ని వర్ణించాడు. మేత అయిపోగానే ఒకటి రసాయన సంకేతం విడుస్తుంది, విన్నవి దాన్ని అందుకుని తామూ విడుస్తాయి. లక్ష దాకా అమీబాలు ఒకచోట చేరి, కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న నత్తలాంటి ముద్దై వెలుతురు వైపు పాకుతాయి. తర్వాత అందులో ఐదో వంతు కణాలు నిలువు కాడగా మారి చచ్చిపోతాయి. మిగిలినవి ఆ కాడ మీదెక్కి సిద్ధబీజాలై, ఎగిరిపోయే అవకాశం కోసం ఎదురుచూస్తాయి. అయితే ఇవి వేర్వేరు తల్లుల పిల్లలు కావచ్చు. అందువల్ల కాడలో చేరకుండా తప్పించుకుని సిద్ధబీజాల్లోనే చోటు సంపాదించే మోసగాళ్లూ ఉన్నారు. ఏనుగైనా వేపచెట్టైనా ప్రతి తరంలోనూ మళ్లీ ఒకే కణం నుంచి మొదలవడంలోని లాభం ఇక్కడే అర్థమవుతుంది. ఒక కణం నుంచి వచ్చిన దేహంలో అందరి జన్యువులూ ఒకటే కనుక, బీజకణం బతికితే చర్మకణం వంశమూ బతికినట్టే.

జంతువులకు అత్యంత దగ్గరి ఏకకణ బంధువులు కాలరు కశాభజీవులు. కశాభం చుట్టూ చొక్కా కాలరులాంటి అమరిక ఉంటుంది. స్పంజికల లోపలి కణాలు వీటిని అచ్చుగుద్దినట్టు పోలి ఉంటాయని 1860లలోనే గమనించారు. వాటిలో ఒక జాతి, ఒక రకం బాక్టీరియా ఎదురైతే విడిపోకుండా పువ్వులా గుంపు కడుతుందని 2012లో తేలింది.

అదే 2012లో అమెరికాలో విలియం రాట్‌క్లిఫ్ బృందం ఈ మార్పును గాజునాళికలోనే రప్పించింది. రొట్టెల ఈస్టును పెంచుతూ, రోజూ అందరికన్నా ముందు అడుక్కి చేరిన కణాలనే మర్నాటికి ఉంచారు. రెండు నెలల్లో, మొగ్గలు తల్లిని వదలకుండా మంచుపువ్వుల్లా గుంపులైన ఈస్టు వచ్చింది. కొన్ని కణాలు ముందే చనిపోయి, కొమ్మ విరిగి కొత్త గుంపు పుట్టడానికి చోటిచ్చాయి. ఇదే ఎంపికను 600 రోజులు సాగించి 2023లో ప్రచురించిన ఫలితాల్లో గుంపులు 20,000 రెట్లు పెరిగి కంటికి కనిపించే ముద్దలయ్యాయి.

కడప రాళ్లు

భూమి మీద జీవానికి 350 కోట్ల ఏళ్లకు తక్కువ కాని చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం ఏకకణ జీవులదే. దానికి సాక్ష్యం మన నేల మీదే ఉంది. కడప జిల్లా వేంపల్లె పేరుతో పిలిచే సున్నపురాతి పొరల్లో, ఉల్లిపాయ కోసినట్టు వంపులు తిరిగిన చారలు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో సైనోబాక్టీరియా జిగురు చాపలా పరుచుకుని, మీద పడ్డ సున్నపు మట్టిని పట్టి ఉంచి, దాని పైకి మళ్లీ పాకుతూ పొర మీద పొరగా కట్టిన కట్టడాలివి. వాటి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు; వేంపల్లె పొరలు అంతకన్నా పాతవి. ఆ బాక్టీరియా పూర్వీకులు విడిచిన ఆక్సిజన్ వల్లే 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలి మారడం మొదలైంది.

కేంద్రకం ఉన్న కణం పుట్టుకలోనూ బాక్టీరియా వాటా ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకప్పుడు మరో కణంలో చేరి అక్కడే కాపురమున్న బాక్టీరియా అనీ, ఆకుల్లోని హరితరేణువు అలా చేరిన సైనోబాక్టీరియా అనీ లిన్ మార్గులిస్ 1967లో వాదించింది. ఎన్నో పత్రికలు తిప్పిపంపాక అచ్చయిన వ్యాసం అది. ఈ రెండింటికీ సొంత డీఎన్‌ఏ, సొంత రైబోసోములు ఉండటం, అవి బాక్టీరియావాటిని పోలి ఉండటం ఆ వాదనను నిలబెట్టాయి. స్పష్టంగా వేర్వేరు పనుల కణాలున్న పాత శిలాజాల్లో ఒకటి, ఆర్కిటిక్ కెనడాలో దొరికిన ఎర్రనాచు, 105 కోట్ల ఏళ్ల నాటిది. పెద్ద జంతువుల ముద్రలు 57 కోట్ల ఏళ్ల లోపువే.

మన మధ్య

ఇడ్లీ పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా విడిచే వాయువు. తియ్యగా దిగిన నీరాను కొన్ని గంటల్లో కల్లు చేసేది ఈస్టు, దానితో చేరిన బాక్టీరియా. వేరుశనగ మొక్కను పీకితే వేళ్లకు కనిపించే చిన్న బుడిపెల్లో గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే బాక్టీరియా కాపురముంటుంది. మన దేహంలో మన కణాల సంఖ్యకు దాదాపు సమానంగా బాక్టీరియా ఉంది.

హాని చేసేవాటిలో తెలుగునేలతో ముడిపడిన పేరు ప్లాస్మోడియం. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ దాన్ని రోగి రక్తంలో చూశాడు. అది మనిషిలోకి ఎలా వస్తుందో తెలియలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలను కనుగొన్నాడు. ఒక ఏకకణ జీవి బతుకులో సగభాగం దోమలో గడుస్తుందనడానికి అది మొదటి రుజువు. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది.

మందుల సంగతికొస్తే, బాక్టీరియాను చంపడం ఒక విధంగా తేలిక. దాని కణకవచం, రైబోసోములు మనవాటికి భిన్నం. అక్కడ దెబ్బకొడితే మన కణాలకు పెద్దగా హాని ఉండదు. ఇలాంటి మందుల కథలోనూ ఒక తెలుగు పేరుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని వేరుచేసి చూపాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. బాక్టీరియా నుంచి మనిషి దాకా ప్రతి కణం శక్తిని ఖర్చు పెట్టేది ఈ అణువు రూపంలోనే. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు ఆయన సారథిగా ఉన్న కాలంలో, అక్కడ బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు. 1948లో లోకానికి తెలిసిన ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. బాక్టీరియా రైబోసోములను పట్టుకుని ప్రోటీన్ల తయారీని ఆపడం ఈ కుటుంబం పని.

ప్లాస్మోడియం బాక్టీరియా కాదు. మనలాగే కేంద్రకం ఉన్న కణం, మనలాంటి రైబోసోములే. లెక్క ప్రకారం టెట్రాసైక్లిన్లు దాన్ని ముట్టుకోకూడదు. కాని అదే కుటుంబపు డాక్సీసైక్లిన్‌ను మలేరియా రాకుండా ముందుజాగ్రత్తగా వాడతారు, పని చేస్తుంది. కారణం 1990లలో బయటపడింది. ప్లాస్మోడియం లోపల హరితరేణువు అవశేషం ఒకటి ఉంది. దాని పూర్వీకుడు ఎప్పుడో ఒక శైవలాన్ని మింగి దాచుకున్నాడు. పచ్చదనం పోయింది, వెలుతురుతో పని లేదు, అయినా కొన్ని అవసరమైన పదార్థాలు అక్కడే తయారవుతాయి. ఆ అవశేషంలో నేటికీ బాక్టీరియా తరహా రైబోసోములు ఉన్నాయి. మందు తగిలేది అక్కడ. దెబ్బ తిన్న కణం వెంటనే చావదు, దాని పిల్లలు చస్తాయి. అందుకే ఈ మందు గుణం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది.